పక్కింటి కుక్కపిల్ల ఎందుకు ఏడుస్తోంది?

పరీక్షలు దగ్గరపడిన రోజులు. మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు క్లాసులో కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడు. "ఏమిరా, రాత్రంతా చదివావా?" అని అడిగాను. "లేదండి మాస్టారూ, పక్కింటి కుక్కపిల్ల చదవనివ్వలేదు, పడుకోనివ్వలేదు" అన్నాడు. క్లాసంతా ఘొల్లున నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు.

సంగతి ఇదీ. వాళ్ళ వాటాకీ పక్క వాటాకీ మధ్య ఒకటే గోడ. పక్క వాటాలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఎవరో ఇస్తే ఆరు వారాల కుక్కపిల్లను తెచ్చుకున్నారు. పొద్దున్న వాళ్ళు తాళం వేసి వెళ్ళగానే అది ఏడుపు మొదలుపెడుతుంది. రాత్రి దాన్ని పెరటి వరండాలో కట్టేసి తలుపు వేసుకుంటారు. మళ్ళీ ఏడుపు. కుర్రవాడి నాన్నమ్మకు నిద్ర లేకపోవడం ఒక బాధ అయితే, "కుక్క ఏడిస్తే ఇంటికి కీడు" అన్న భయం మరొకటి. నాలుగో రోజున, దాన్ని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేసి రమ్మని ఆటో అబ్బాయికి చెప్పబోయిందట.

"ఏం చెయ్యాలి మాస్టారూ?" అన్నాడు వాడు.

రోగం తెలియకుండా మందు వేయకూడదు కదా! కనుక ఆ ఏడుపు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం.

కుప్పగా పడుకోవడం ఎందుకు?

కుక్కపిల్ల పుట్టినప్పుడు దానికి కళ్ళు కనిపించవు, చెవులు వినిపించవు. కళ్ళు సుమారు రెండు వారాలకు విచ్చుకుంటాయి. చెవులు పనిచేయడానికి మరికొన్ని రోజులు పడుతుంది. అప్పటివరకు దానికున్న ఆస్తి వాసన, స్పర్శ, వెచ్చదనాన్ని వెతుక్కునే శక్తి, ఒక గొంతు. అంతే. తన ఒంటి వేడిని తాను నిలుపుకొనే శక్తి కూడా మొదటి వారాల్లో దానికి సరిగా ఉండదు.

ఈనిన కుక్క దగ్గర పిల్లలు ఒకదానిమీద ఒకటి కుప్పగా పడి నిద్రపోవడం మీరు చూసే ఉంటారు. అవి ఒకదానికొకటి కుంపటిలా పనికొస్తాయన్న మాట. ఆ కుప్పలోంచి ఒక పిల్ల జారి పక్కకు దొర్లిపోయిందనుకోండి. ఒళ్ళు చల్లబడుతుంది. వెంటనే అది కుయ్యోమని ఏడుస్తుంది. తల్లి వచ్చి దాన్ని దగ్గరకు చేర్చుకుంటుంది. ఒకవేళ అది ఏడవకపోతే? తల్లికి తెలియదు. పిల్ల చలికి చచ్చిపోతుంది.

కుక్కలు తోడేళ్ళ సంతతివి. వేల తరాలుగా, తప్పిపోయినప్పుడు గట్టిగా ఏడ్చిన పిల్లలు ఎక్కువగా బ్రతికాయి. వాటి పిల్లలకూ ఆ గుణం వచ్చింది. కనుక ఒంటరిగా ఉన్న కుక్కపిల్ల ఏడవడం అల్లరీ కాదు, మొండితనమూ కాదు. "అమ్మా, ఎక్కడున్నావు? నేనిక్కడున్నాను" అని పిలవడం.

ఆ పిలుపు తీరును కూడా గమనించండి. కుయ్, కుయ్, కుయ్ అని తెగి తెగి వస్తుంది. ఒక శబ్దం ఏ దిక్కునుంచి వచ్చిందో పోల్చుకోవడానికి రెండు చెవులూ సాయపడతాయి. శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి లేశమాత్రం ఆలస్యంగా చేరుతుంది. శబ్దం హఠాత్తుగా మొదలై, ఆగి, మళ్ళీ మొదలైతే ఆ తేడాను పట్టుకోవడం సులభం. సన్నగా, సాగదీసినట్లు వచ్చే ఈల ఎక్కడిదో పోల్చుకోవడం కష్టం. డేగను చూసిన కొన్ని చిన్న పక్షులు అలాంటి ఈలే వేస్తాయి, తామెక్కడున్నదీ డేగకు తెలియకుండా! కుక్కపిల్లకు కావలసింది అందుకు విరుద్ధం. అది నలుగురికీ వినబడాలి, తానున్న చోటు తెలియాలి. మన కుర్రవాడికి గోడ అవతలినుంచి నిద్రాభంగమైందంటే ఆ పిలుపు తన పని తాను చక్కగా చేసిందన్న మాట!

పాలు ఇస్తే చాలదా?

"దానికి గిన్నెనిండా పాలు పోసే వెళుతున్నారు మాస్టారూ, ఇంకా ఏడుపెందుకు?" అని ఒక ఆడపిల్ల అడిగింది. మంచి ప్రశ్న.

హ్యారీ హార్లో అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కోతిపిల్లలతో చేసిన ప్రయోగాలను 1958లో ప్రకటించాడు. తల్లినుంచి వేరుచేసిన పిల్లలకు రెండు బొమ్మ తల్లులను ఇచ్చాడు. ఒకటి ఇనుప తీగతో చేసినది, రెండోది మెత్తని గుడ్డ చుట్టినది. పాలసీసా తీగ తల్లికి ఉన్నా సరే, పిల్లలు పాలు తాగి వచ్చి ఎక్కువసేపు గుడ్డ తల్లినే కరచుకుని ఉండేవి. భయం వేసినప్పుడు పరుగెత్తింది కూడా దాని దగ్గరికే. పిల్లకు ఆకలి ఎంత నిజమో, తోడు కావాలనే కోరిక కూడా అంత నిజమని దీనివల్ల తేలింది.

1978లో జాక్ పాంక్‌సెప్, ఆయన తోటి శాస్త్రజ్ఞులు కుక్కపిల్లలతోనే మరో సంగతి చూపించారు. నొప్పిని తగ్గించే మార్ఫిన్ అనే మందును అతి తక్కువ మోతాదులో ఇస్తే, ఒంటరిగా ఉంచిన కుక్కపిల్లల ఏడుపు తగ్గింది. మార్ఫిన్‌ను పోలిన పదార్థాలను మెదడు తనంతట తానే తయారుచేసుకుంటుందని అప్పటికే తెలుసు. శరీరానికి దెబ్బ తగిలినప్పటి నొప్పికీ, తోడు పోయినప్పటి బాధకూ మెదడులో చుట్టరికం ఉందని వారు ఊహించారు. అలాగని కుక్కపిల్లకు మందులు ఇవ్వమని కాదు సుమా! ఆ ఏడుపు నటన కాదు, నిజమైన బాధ అని చెప్పడానికే ఇదంతా.

ఆరు వారాల వయసు

జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అమెరికాలో అయిదు జాతుల కుక్కలను ఏళ్ళ తరబడి పరిశీలించి 1965లో పెద్ద గ్రంథం ప్రచురించారు. 3వ వారంనుంచి సుమారు 12వ వారందాకా కుక్కపిల్ల జీవితంలో చాలా ముఖ్యమైన కాలమని వారు చెప్పారు. ఎవరు నావాళ్ళు, ఎవరితో కలిసి బ్రతకాలి అన్నది అది ఆ రోజుల్లోనే నేర్చుకుంటుంది. అంతకుముందు, 1961లో ప్రకటించిన మరో ప్రయోగంలో, 14 వారాలదాకా మనుషుల పొత్తు లేకుండా పెంచిన కుక్కపిల్లలు తర్వాత మనుషులను చూసి బెదిరి, దగ్గరకు రాలేదు.

మన పక్కింటి పిల్ల సరిగ్గా ఆ కాలం మధ్యలో ఉంది. తల్లినీ తోబుట్టువులనూ విడిచి వచ్చింది. మనుషులే నావాళ్ళని ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. సరిగ్గా అప్పుడే ఆ మనుషులు తలుపు వేసుకుని వెళ్ళిపోతున్నారు! ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లలను అమ్మరాదని మన దేశంలో 2017లో వచ్చిన నిబంధనలు చెప్పడంలో అర్థం ఇదే.

తిడితే మానుతుందా?

చాలామంది చేసేది రెండు పనులు. ఒకటి, తలుపు తెరిచి కసరడం, కర్రతో బెదిరించడం. ఇప్పటికే భయంతో ఉన్నదానికి ఇంకో భయం తోడవుతుంది. రెండు, కొన్నిసార్లు పట్టించుకోకపోవడం, కొన్నిసార్లు విసుగెత్తి వెళ్ళి ఎత్తుకోవడం. ఇది మరీ చిక్కు. ఫలితం ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే దొరికే పనిని జంతువులు అంత త్వరగా మానవని స్కిన్నర్ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. అరగంట ఏడ్చాక ఎవరో వచ్చారనుకోండి, రేపు అది అరగంటకు పైగా ఏడవడం నేర్చుకుంటుంది.

పావ్‌లోవ్ కుక్కల కథ మీరు పాఠంలో చదివే ఉంటారు. అన్నానికి ముందు ఒక సంకేతం వినిపిస్తూ పోతే, కొన్నాళ్ళకు సంకేతం వినగానే వాటికి నోరూరేది. మన కుక్కపిల్లకు తాళంచెవుల చప్పుడే ఆ సంకేతం. మనుషులు ఇంకా గుమ్మం దాటకముందే దానికి గుండె దడ మొదలవుతుంది.

కీడు సంగతి

ఇక నాన్నమ్మగారి భయం. ఊళ్ళో రాత్రిపూట కుక్కలు ఏడవని వారం ఉండదు. జబ్బుమనిషి ఉన్న ఇంట్లో వాళ్ళు ఆ రాత్రంతా మేలుకుని ఉంటారు కనుక ఆ ఏడుపు వింటారు. ఏదైనా జరగరానిది జరిగితే ఆ రాత్రి జన్మంతా గుర్తుంటుంది. కుక్క ఏడ్చినా ఏమీ జరగని వందల రాత్రులు ఎవరికీ గుర్తుండవు. రెండు లెక్కలూ పక్కపక్కన రాసి చూస్తే గాని నిజం తేలదు. సగం లెక్క రాసుకుని మొత్తం లెక్క అనుకోవడమే మూఢనమ్మకం.

పైగా, ఆకలితో మాడిపోయే చోట ఒక జంతువును వదిలేయడం 1960నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఆరు వారాల పిల్ల రోడ్డుమీద ఎన్నాళ్ళు బ్రతుకుతుంది?

మేం ఏం చేశాం?

"ముందు ఒక నోటుబుక్కు తియ్యి. అది ఎప్పుడు ఏడ్చింది, ఎంతసేపు, దానికి ముందు ఏం జరిగింది, ఇవి రాయి" అని కుర్రవాడికి చెప్పాను. నాలుగు రోజుల్లో విషయం బయటపడింది. ఇంట్లో మనుషులు మసిలేటప్పుడు అది ఏడవడం లేదు. తాళం పడ్డాక మొదటి అరగంటలో ఎక్కువగా ఏడుస్తోంది. రాత్రి దీపాలు ఆర్పగానే మళ్ళీ మొదలు.

ఆదివారంనాడు వాడు, వాళ్ళ నాన్న కలిసి పక్కింటికి వెళ్ళారు. తగాదాకు కాదు. "పిన్నిగారూ, మీరు వెళ్ళాక కుక్కపిల్ల బాగా బెంగపెట్టుకుంటోందండి. మీకు తెలియదేమోనని చెబుతున్నాను" అన్నాడు వాడు. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. తాను ఉన్నప్పుడు అది ఏడవదు కనుక, పగటి ఏడుపు ఆమె ఎన్నడూ వినలేదు! రాత్రి ఏడుపేమో "రెండు రోజులు ఏడ్చి అదే మానుతుంది" అని ఎవరో చెబితే నమ్మింది.

తర్వాత వాళ్ళు చేసినవి ఇవి. రాత్రి ఒక అట్టపెట్టెలో గోనెపట్టా, వాళ్ళ పాత చీర ముక్క వేసి, తమ మంచం పక్కనే పెట్టుకున్నారు. గుడ్డకు మనుషుల వాసన ఉంటుంది కనుక అదే సగం తోడు. పడుకోబోయే ముందు ఒకసారి బయటికి తిప్పి తెచ్చేవారు. కొన్ని రోజుల తర్వాత పెట్టెను రోజుకు రెండడుగుల చొప్పున గుమ్మంవైపు జరిపారు.

పగటికి వేరే పాఠం. సెలవురోజున కాసేపు ఆడించి, తిండి పెట్టి, ఒక్క నిమిషం బయటికి వెళ్ళి, అది ఏడవకముందే తిరిగి వచ్చేవారు. తర్వాత రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు, పది నిమిషాలు. ఎప్పుడైనా ఏడిస్తే తాము తొందరపడ్డామని గ్రహించి, మళ్ళీ తక్కువ సమయంతో మొదలుపెట్టేవారు. తాళంచెవులు తీసి గలగలలాడించి, ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చునేవారు. దాంతో ఆ చప్పుడుకు ఉన్న భయం క్రమంగా తగ్గింది.

అయినా ఆఫీసు వేళలంత సేపు ఒంటరిగా ఉండడం అంత చిన్న పిల్లకు సాధ్యం కాదు. ఆ మధ్యాహ్నాలకు ఎవరు? కుర్రవాడు నాన్నమ్మను అడిగాడు. ఆమె ఒప్పుకోలేదు. "నేను బడికి వెళ్ళిన మొదటిరోజు నీ కొంగు పట్టుకుని ఏడ్చానని నువ్వే చెబుతావు కదా నాన్నమ్మా! అప్పుడు ఇంటికి కీడన్నావా?" అన్నాడు వాడు. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం పక్కింటి తాళంచెవి తన కొంగున ముడివేసుకుందట.

దాదాపు మూడు వారాలు పట్టింది. నడుమ కొన్ని రాత్రులు మళ్ళీ ఏడ్చింది కూడా. ఇప్పుడు మాత్రం తలుపు వేస్తే కాసేపు గుమ్మంవైపు చూసి, గుడ్డమీద ముడుచుకుని పడుకుంటుంది. వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారని అది నేర్చుకుంది. దానికి కావలసిన జవాబు అదే.

మీరు కూడా చేయవచ్చు

మీ వీధిలో అలాంటి కుక్కపిల్ల ఉంటే ముందు గమనించి రాయండి. తర్వాత పెద్దలతో కలిసి వెళ్ళి మర్యాదగా చెప్పండి. ఇంటివాళ్ళ అనుమతి లేకుండా గోడ దూకి దాని దగ్గరికి వెళ్ళకండి. తోడు ఉన్నా ఏడుస్తున్నా, తిండి మానేసినా, విరేచనాలు అవుతున్నా పశువైద్యశాలకు తీసుకువెళ్ళమనండి. వయసు రాగానే రేబిస్ టీకా వేయించమనండి. ఏ కుక్కపిల్ల కరిచినా, గీరినా ఆ చోటును ధారగా పడే నీళ్ళకింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. చిన్న గాటేనని దాచకండి.

అన్నట్టు, మొన్న మా కుర్రవాడు మరో సంగతి చెప్పాడు. ఒకరోజు పక్కింటివాళ్ళు కుక్కపిల్లతో సహా ఊరికి వెళ్ళారట. రాత్రి పదిగంటలకు నాన్నమ్మ లేచి కూర్చుని, "ఏమిట్రా, ఇవాళ చప్పుడే లేదు! నాకు నిద్ర పట్టడం లేదు" అందట.