గోరంత ఎముకతో 6.6 కోట్ల ఏళ్ల నాటి కప్ప గుట్టు.. ఏ జాతిదో ఎలా కనిపెడతారు?

వాన పడితే చాలు, పల్నాడు పొలాల్లో రాత్రంతా కప్పల బెకబెకలే. మరి కోట్ల ఏళ్ల నాటి కప్పల ఎముకలు మన మాచర్ల, పిడుగురాళ్ల సున్నపురాయి క్వారీల్లో దొరుకుతాయా? దొరకవు. ఎందుకంటే ఆ రాయి ఎముకలున్న జీవులు పుట్టకముందే ఏర్పడింది. కప్ప శిలాజం చూడాలంటే కృష్ణా నది దాటి తెలంగాణలోని వికారాబాద్ జిల్లా నస్కల్ దాకా వెళ్లాలి.

అక్కడ దక్కన్ లావా పొరల మధ్య పాత చెరువు మట్టి ఇరుక్కుపోయి ఉంది. ఒక లావా ప్రవాహం చల్లారాక దానిపై నీళ్లు నిలిచాయి, జీవులు చేరాయి. ఆ తర్వాత మళ్లీ లావా వచ్చి కప్పేసింది. ఇదంతా సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి మాట. అంటే డైనోసార్ల ఆఖరి రోజులన్నమాట! డెక్కనోలెస్టెస్ అనే చిట్టి క్షీరదం పళ్లు కూడా ఇక్కడే బయటపడ్డాయి.

ఇలాంటి చోట పార పట్టి తవ్వితే కప్ప దొరకదు. మట్టిని నానబెట్టి, కడిగి, సన్న జల్లెడ పడతారు. మిగిలిన రవ్వను మైక్రోస్కోప్ కింద ఒక్కో ముక్కగా ఏరుతారు. చాలా ఓపిక కావాలి.

ఇంతకీ అది కప్ప ఎముకే అని ఎలా తెలుస్తుంది? కప్పకు ముంజేతిలోని రెండు ఎముకలు అతుక్కుపోయి ఒకటే ఉంటుంది. పిక్కలోనూ అంతే. తోక వెన్నుపూసలన్నీ కలిసిపోయి ఒక పుల్లలా మారతాయి. వీటిలో ఏది కనిపించినా కప్ప అని చెప్పేయొచ్చు.

అసలు చిక్కు ఆ తర్వాతే. ఏ కప్ప? ఇక్కడ ఎక్కువగా సాక్ష్యం చెప్పేది ఇలియం అనే తుంటి ఎముక. కప్ప గెంతడానికి ఇది పొడవుగా సాగి ఉంటుంది. పొలాల్లో దూకే కప్పల్లో దాని పైఅంచున కత్తి అంచు లాంటి గట్టు లేస్తుంది. ఒంటినిండా బుడిపెలతో ఇళ్ల చుట్టూ తిరిగే కప్పల్లో ఆ గట్టు ఉండదు, ఒక బొడిపె మాత్రం ఉంటుంది. గట్టు ఎత్తు, బొడిపె ఆకారం, తొడ ఎముక కూర్చునే గుంట.. వీటన్నింటినీ ఇప్పటి కప్పల ఎముకలతో పక్కపక్కన పెట్టి పోలుస్తారు.

అయినా పొరపాట్లు జరుగుతాయి. ముంబైలోని వర్లీ కొండ దగ్గర దొరికిన చిన్న కప్పకు 1847లో రిచర్డ్ ఓవెన్ రానా పుసిల్లా అని పేరు పెట్టారు. డైనోసార్ అనే మాటను పుట్టించింది ఈయనే. 1930లో జి.కె. నోబుల్ ఆ అస్థిపంజరాలను మళ్లీ చూసి, ఇది రానా కాదని తేల్చి ఇండోబాట్రాకస్ అనే కొత్త ప్రజాతిలో చేర్చారు. ఆయనకు అందులో ఆస్ట్రేలియా కప్పల పోలికలు కనిపించాయి.

పేరు మారితే ఏమవుతుందంటారా? చాలానే అవుతుంది. అప్పట్లో భారత్ సముద్రంలో ఉత్తరానికి జరుగుతున్న ఒంటరి భూభాగం. కప్పలు ఉప్పునీళ్లలో ఈదుకుంటూ రావడం కష్టం. 1991లో జి.వి.ఆర్. ప్రసాద్, ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాఁ-క్లోద్ రాజ్ ఆ కాలపు భారత్ కప్ప ఒకటి ఉత్తర ఖండాల డిస్కోగ్లాసిడ్ కుటుంబానిదని ప్రకటించారు. అదే నిజమైతే ఆసియా వైపు నుంచి అప్పటికే ఏదో నేలదారి ఉండాలి. ఈ ఇద్దరే నస్కల్ కప్పలపై 1995లో, 2004లో మళ్లీ రాశారు.

అంత పెద్ద మాటకు ఆధారం విడి ఎముకలు. అందుకే ఇలాంటి ముక్కలకు తొందరపడి కొత్త జాతి పేరు పెట్టరు. చాలాసార్లు కుటుంబం పేరు మాత్రమే రాసి, అనుమానం ఉంటే పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తారు.