మన తాత ఏ బాయిలో పనిచేశాడు?

ఇల్లందులోనో, బెల్లంపల్లిలోనో, గోదావరిఖనిలోనో ఎవరినైనా "మీది ఏ ఊరు?" అని అడగండి. "ఇదే ఊరు" అంటారు. "అంతకు ముందు?" అని అడగండి. కొంచెం ఆలోచిస్తారు. "మా తాత ఎక్కడ్నుంచో వచ్చిండట" అంటారు.

బొగ్గు గనిని మనం బాయి అంటాం. బాయి ఉన్న ఊళ్ళో చాలా ఇళ్ళు వలస వచ్చినవే. కొందరు కరువుకు వచ్చారు. కొందరు దొర దగ్గర వెట్టి చేయలేక వచ్చారు. బాయిలో పని కష్టమే. కానీ చేసిన పనికి చేతికి కూలి వచ్చేది. ఊళ్ళో అదీ లేదు.

ఈ పని ఎప్పుడు మొదలైంది? భద్రాచలం పోయే యాత్రికులు నల్ల రాళ్ళతో పొయ్యి పెట్టుకుంటే ఆ రాళ్ళే మండినాయి అని మన పెద్దలు చెప్తారు. కాగితాల మీద ఉన్నది ఇది. 1871లో విలియం కింగ్ అనే ఆయన ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. ఆయన భూమి లోపల ఏముందో పరిశీలించే సర్కారు శాఖలో పనిచేసేవాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి అనే పేరు వచ్చింది. అది ఇల్లందు దగ్గర ఉన్న ఒక చిన్న ఊరి పేరు. 1920ల చివర్లో బెల్లంపల్లిలో బాయిలు పడ్డాయి. 1930లలో కొత్తగూడెంలో, 1960లలో గోదావరిఖనిలో పడ్డాయి.

ఇది తెలిస్తే ఒక లాభం ఉంది. మీ తాత పుట్టిన సంవత్సరం తెలియకపోవచ్చు. "మొదట ఇల్లందు బాయిల చేరిండు, కొత్తగూడెంల బాయి పడ్డంక అక్కడికి పోయిండు" అని అవ్వ చెప్తే చాలు. ఆయన చేరింది ఎప్పుడో సుమారుగా లెక్క కట్టవచ్చు.

తాతల కాలంలో పని చేతులతోనే. తట్టా చెమ్మాస్‌తో బొగ్గు ఎత్తి టబ్బు నింపేవారు. ఇన్ని టబ్బులు నింపితే ఇంత కూలి. పైనుంచి బండ పడితే మనిషి పోయినట్టే. అందుకే షిఫ్టుకు పోయిన మనిషి ఇంటికి వచ్చేదాకా ఆడవాళ్ళు వాకిట్లో చూస్తూ ఉండేవారు. తండ్రుల కాలానికి యంత్రాలు వచ్చాయి. తర్వాత ఓపెన్ కాస్టులు వచ్చాయి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు పర్మినెంటు వాళ్ళు 40 వేల చుట్టూ ఉన్నారు. మనుమలు చాలామంది కాంట్రాక్టు పనిలో ఉన్నారు.

ఆడవాళ్ళ సంగతి ఎవరూ రాయలేదు. దేశంలోని బొగ్గు బాయిల్లో ఒకప్పుడు ఆడవాళ్ళు కూడా లోపలికి దిగేవారు. భర్త తవ్వితే భార్య తట్ట మోసేది. 1952లో వచ్చిన గనుల చట్టం ఆడవాళ్ళు లోపలికి దిగరాదని చెప్పింది. 2019లో ఈ నియమం కొంత సడలించారు. కొన్ని టెక్నికల్, సూపర్‌వైజర్ పనులకు దిగవచ్చని అప్పుడు చెప్పారు. మీ అవ్వ బతికి ఉంటే, ఆమె ఏం పని చేసిందో కూడా అడగండి. అడగనిదే ఆమె చెప్పదు.

ఇక అసలు విషయం. ఇంటి చరిత్ర ఎందుకు రాసుకోవాలి? సంబరానికి కాదు.

వెనకట బాయిలో చేరేటప్పుడు చాలామందికి చదువు రాదు. గుమాస్తా ఏం విన్నాడో అదే రాశాడు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. మనిషిని చూసి వయసు వేశారు. ఇంకొక సంగతి కూడా జరిగింది. అన్నకు వచ్చిన పనిలో తమ్ముడు చేరాడు. చుట్టం పేరు మీద ఇంకొకడు చేరాడు. వీటినే మారుపేర్లు అంటారు. అనుకోండి, ఊళ్ళో ఆయన రాజయ్య. మస్టర్లో మల్లయ్య. పిల్లల బడి సర్టిఫికెట్లో తండ్రి పేరు రాజయ్య. ముప్పై ఏళ్ళు ఎవరికీ ఇబ్బంది లేదు.

ఆయన పోయిన రోజున ఇబ్బంది మొదలవుతుంది. భార్యకు పింఛను రావాలి. పనిచేస్తూ పోతే, లేదా అన్‌ఫిట్ అయితే, ఇంట్లో ఒకరు కారుణ్య నియామకం అడగవచ్చు. అప్పుడు ఆఫీసువాళ్ళు అడిగేది ఒకటే. "ఈ మల్లయ్య మీ నాయనే అని రుజువేది?" ఆయన చెమట ఎంత కారిందో కాగితం చెప్పదు. మారుపేర్ల సమస్య తీర్చాలని కార్మిక సంఘాలు ఏళ్ళుగా అడుగుతున్నాయి. నా మాట అడిగితే, ఇందులో కార్మికుల తప్పుకన్నా చదువు లేని కాలం తప్పే ఎక్కువ.

కాబట్టి మనిషి బతికి ఉండగానే చూసుకోండి. సర్వీసు బుక్కులో, ప్రావిడెంట్ ఫండ్ కాగితంలో, ఆధార్‌లో, పిల్లల సర్టిఫికెట్లలో పేరు ఒక్కతీరుగా ఉందా? ఇంటిపేరు ఉందా? నామినీ ఎవరు? పెళ్ళికి ముందు రాసిన నామినీ పేరు అట్లనే ఉండిపోయిందా? తేడా ఉంటే బాయి ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. ఇచ్చినట్టు సంతకం, ముద్ర వేయించుకున్న నకలు ఇంట్లో దాచండి. నోటి మాట పనికిరాదు. సింగరేణి సర్కారు కంపెనీ. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కూడా కాగితాలు అడగవచ్చు.

చరిత్ర రాయడం కష్టమేమీ కాదు. ఒక నోటు బుక్కు చాలు. ఎవరు, ఏ ఊరినుంచి, ఎవరి వెంట వచ్చారు, ఏ బాయి, ఏ పని, ఎప్పుడు దిగిపోయారు. తెలియనిచోట ఖాళీ వదలండి. ఊహించి నింపవద్దు.

మా కేంద్రంలో ఒకామె ఇట్లా రాసింది. "మా మామ 21 బాయిల పని చేసిండు. బాయిల ఆయన పేరు వేరు. ఇంట్ల పేరు వేరు. రెండు పేర్లు రాసిన. మా అత్త బొగ్గు ఏరేది. మామ వాళ్ళ నాయిన ఊరు తెల్వదు. మా పెద్దత్తకు తెలుసు. ఆదివారం పోయి అడగాలె."