చూస్తూ చూస్తూ నిద్రపోయే సినిమా

"ఆపెయ్యనా?" అంటే, "వద్దు, చూస్తున్నాగా!" అని కళ్ళు తెరవకుండానే జవాబు చెప్పేవారు దాదాపు ప్రతి యింట్లోనూ ఒకరుంటారు. రాత్రి భోజనాలయ్యాక టీవీలో "మాయాబజార్" మొదలవుతుంది. శశిరేఖా అభిమన్యులు పడవ యెక్కేవేళకు పెద్దాయన గురక వినిపిస్తుంది. 1957లో ఆ వెన్నెలను తెరమీదికి తేవడానికి మార్కస్ బార్ట్లే పడ్డ శ్రమంతా ఆయన రెప్పల అవతలే వుండిపోతుంది, పాపం!

ఇదేమీ కొత్త అలవాటు కాదు. తెల్లవార్లూ తోలుబొమ్మలాట ఆడిన రోజుల్లోనూ చాపలమీద కునికేవారు కునుకుతూనే వుండేవారు. హనుమంతుడు వచ్చినప్పుడు పిల్లల్ని తట్టి లేపితే సరిపోయేది. కథ అందరికీ తెలిసిందే గనక మధ్యలో నాలుగు ఘట్టాలు పోయినా నష్టం లేదు.

రహస్యం అక్కడే వుంది. కొత్త సినిమాలో హంతకుడెవరో తేలేదాకా మనసు కునుకు పట్టనివ్వదు. "పాతాళభైరవి"లో మాంత్రికుడు యెంత భయపెట్టినా, చివరకు తోటరాముడే గెలుస్తాడని 1951 నుంచీ మనకు తెలుసు. పైగా ఆనాటి మాటలు తాపీగా నడుస్తాయి. అప్పటి ధ్వనిముద్రణలో చెవిని పొడిచే సన్నని ధ్వనులు కూడా తక్కువే.

కళ్ళు మూసుకున్నట్టు చెవులు మూసుకోలేం గదా! ఇంగ్లండులో ఆస్వాల్డ్ మొదలైనవారు 1960లో ప్రకటించిన పరిశోధనలో, నిద్రపోతున్నవారికి వరసగా పేర్లు వినిపించి చూశారు. ఇతరుల పేర్లకంటే తమ పేరుకే వారు యెక్కువగా స్పందించారు. అంటే నిద్రలోనూ మనసు జల్లెడ పడుతూనే వుంటుందన్నమాట. అలవాటైన గొణుగుడును వదిలేస్తుంది; హఠాత్తుగా అరిచే ప్రకటనను పట్టుకుంటుంది. హఠాత్తుగా వచ్చిన నిశ్శబ్దాన్నీ పట్టుకుంటుంది. మీరు పిల్లిలా వెళ్ళి టీవీ ఆపగానే పెద్దాయన లేచి కూర్చునేది అందుకే.

వెలుతురు సంగతి వేరు. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంవారు 2022లో ప్రకటించిన పరీక్షలో 20 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులు పాల్గొన్నారు. ఒక్క రాత్రి గదిలో దీపం వుంచుకుని పడుకున్నవారికి నిద్రలో గుండె వేగం పెరిగింది. మర్నాడు ఉదయం ఇన్సులిన్ పనితనం తగ్గింది. అది దీపం వెలుగే, టీవీది కాదు. అయినా చక్కెర వ్యాధి వున్న యింట్లో ఆలోచించవలసిన మాటే.

అలాగని రేపటినుంచి సినిమా బంద్ అనకండి. "గుండమ్మకథ" వచ్చిన 1962లో కాపురానికి వచ్చిన ఆవిడ, భర్త పోయి, పిల్లలు పైదేశాల్లో వుండి, యిప్పుడు ఒక్కతే వుంటోందనుకోండి. సూర్యకాంతం కేకలు, సావిత్రి గొంతు, రమణారెడ్డి నవ్వు - యివన్నీ ఆవిడ యిల్లు నిండుగా వున్నప్పుడు విన్నవి. ఆవిడకు కావలసింది కథ కాదు, పక్కగదిలో మనుషులున్న సవ్వడి. ఆరోగ్యం పేరుతో దాన్ని లాగేసుకుంటే, మిగిలిన ఆ నిశ్శబ్దంలో ఆవిడ తెల్లవార్లూ గడియారం చూస్తుంది. అదీ ఆరోగ్యమేనా?

చెయ్యవలసింది చాలా చిన్న పని. వీలుంటే బొమ్మ ఆపేసి మాటలు మాత్రం వుంచండి. లేకుంటే తెర వెలుగు బాగా తగ్గించి అటు తిప్పండి. శబ్దం కూడా ముందే తగ్గించి వుంచితే, తర్వాత ఆగిపోయినా తెలియదు. ఒక సినిమా కాగానే మరొకటి తనంతట తానే మొదలయ్యే యేర్పాటు తీసేయించండి. గంటకు ఆగిపోయేట్టు టైమరు పెట్టడం మనవడికి క్షణంలో పని. ఘటోత్కచుడు పెళ్ళివారి భోజనం ఆరగించేదాకా మెలకువగా వుంటామని పంతం పట్టేవారికి మాత్రం గంట చాలదు; ఆ ఘట్టం చాలా వెనకాల వుంది.