వెబ్‌సైటును ఎవరు నిర్మించవలెను?

భీమునిపట్నములోని ఒక ఉన్నత పాఠశాలవారు తమ ఊరి చరిత్రను వెబ్‌సైటులో పెట్టదలచినారనుకొందము. గోస్తనీ నది సముద్రమున కలియు చోటు, డచ్చివారి సమాధులు, 1861లో ఏర్పడిన పురపాలక సంఘము: విషయమునకు కొదువ లేదు. పని విద్యార్థులు చేయవలెనా, నిపుణునికి డబ్బిచ్చి చేయించవలెనా?

వెబ్ పేజీ బ్రహ్మవిద్య కాదు. హెచ్.టి.ఎమ్.ఎల్. గుర్తులు చేర్చిన మామూలు అక్షరముల ఫైలు అది. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బొమ్మ అని ఆ గుర్తులు చెప్పును. బ్రౌజరు వాటిని చదివి పేజీని తీర్చును. తెలుగు లిపికి 1991 నుండి యూనికోడ్‌లో చోటున్నది. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. 'స్త్రీ' అను ఒక్క అక్షరములో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారము అని 6 సంకేతములున్నవి గనుక 18 బైట్లు! అయినను ఒక్క ఫొటో పట్టు స్థలముతో పోల్చిన ఇది లెక్కలోనిది కాదు. శ్రద్ధగల విద్యార్థి ఇట్టి పేజీలను తానే వ్రాయగలడు.

చిక్కు వేరొకచోట నున్నది. చరిత్రను చదివించుటతో ఆగక, ఫీజులు వసూలు చేయుట, మార్కులు దాచుట మొదలుపెట్టినచో, అవతలివారు పంపినదానిని నమ్మరాదు. పేరు వ్రాయవలసిన గడిలో దొంగ ఆజ్ఞను వ్రాసి మార్కుల పట్టికనే లాగువారుందురు. అక్కడ అనుభవజ్ఞుడు కావలెను.

ఎవరు కట్టినను డొమైను పేరు పాఠశాల పేరిటనే నమోదు కావలెను. గడువు తీరకముందే రుసుము చెల్లించవలెను. పాస్‌వర్డు ఒక్కరి జ్ఞాపకమునందే ఉండరాదు. వెబ్‌సైటు కట్టిన విద్యార్థులు పదవ తరగతి ముగించి వెళ్లిపోవుదురు గదా!