రైతు భరోసా సొమ్ము గింజగా మారాలంటే: యాసంగి వరిలో నీరు, యూరియా ఎప్పుడు? ఎంత?



రైతు భరోసా కింద ఎకరాకు సీజన్‌కు 6,000 రూపాయలు, అంటే ఏడాదికి 12,000 రూపాయలు పంట పెట్టుబడి కోసం ఇచ్చే సాయం. 2025 జనవరి 26న ఈ పథకం మొదలైంది. ఆ డబ్బుతో కొన్న ఎరువు పైరుకు చేరుతోందా, నీళ్లలో కలిసిపోతోందా అన్నది మన చేతిలో ఉన్న విషయం.

బోరు నీటికి బిల్లు లేదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. యూరియా కూడా చౌకే, 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. చౌకగా దొరికేవి కాబట్టే ఈ రెండింటినీ అవసరానికి మించి వాడేస్తున్నాం. దాని ఫలితం మార్చిలో కనిపిస్తుంది. సరిగ్గా వరి పొట్టకొచ్చే వేళకు బోరు ఆగి ఆగి పోస్తుంది. చేను ఏపుగా, పచ్చగా ఉంటుంది. కంకి పట్టి చూస్తే తాలు.

అందుకే రెండు మాటలు గుర్తు పెట్టుకోండి. వరికి అన్ని రోజులూ ఒకే లోతు నీరు అక్కర్లేదు. యూరియా ఎన్ని బస్తాలు వేశామన్నదాని కంటే ఏ రోజుల్లో వేశామన్నది ముఖ్యం.

దిగుబడి ఎప్పుడు తేలుతుంది?

మూడు దశల్లో తేలుతుంది. పిలకలు వేసే దశలో ఎన్ని కంకులు వస్తాయో, అంకురం (చిరుపొట్ట) దశలో కంకికి ఎన్ని గింజలు ఉంటాయో తేలిపోతుంది. పూత నుంచి పాలు పోసుకునే వరకు ఉన్న రోజుల్లో ఆ గింజలు నిండుతాయా, తాలు పోతాయా అన్నది తేలుతుంది. పూత సమయంలో నీరు అందక పోయిన గింజను తర్వాత ఎన్ని తడులు పెట్టినా, ఎంత మందు వేసినా తిరిగి తేలేం.

ఏ దశలో ఎంత నీరు?

• నాటిన తర్వాత మూన తిరిగే వరకు: 5 సెంటీమీటర్లు.
• పిలకలు వేసే దశ: 2 నుంచి 3 సెంటీమీటర్లు, పలుచగా. నీరు ఎక్కువైతే వేళ్లకు గాలి అందదు, పిలకలు తగ్గుతాయి.
• అంకురం నుంచి గింజ గట్టిపడే వరకు: 5 సెంటీమీటర్లు. ఇక్కడ పొదుపు వద్దు.
• కోతకు 7 నుంచి 10 రోజుల ముందు: నీరు పూర్తిగా తీసేయాలి. గింజ ఒకేసారి పండుతుంది. కొనుగోలు కేంద్రంలో అడిగే 17 శాతం తేమకు ధాన్యం త్వరగా వస్తుంది.

ఎకరం మడిలో ఒక్క సెంటీమీటరు నీరంటే సుమారు 40 వేల లీటర్లు. 2 సెంటీమీటర్లు చాలిన చోట 5 పెడితే లక్షా 20 వేల లీటర్లు అదనంగా నిలిపినట్టే. లోతు పెరిగేకొద్దీ నీరు కిందికి ఎక్కువగా ఇంకుతుంది, గట్ల బొరియల్లోంచి జారిపోతుంది. జనవరి, ఫిబ్రవరిలో మిగిల్చిన ఆ నీరే మార్చిలో మీ కంకిని నింపుతుంది. ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే ఆ లెక్క మన చేతిలో ఉండదు.

తడి–పొడి పద్ధతి: ఒక పైపు ముక్క చాలు

30 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకోండి. కింది సగానికి చుట్టూ రంధ్రాలు వేయండి. ఆ సగాన్ని మడిలో పాతి, లోపలి మట్టి తీసేయండి. నాటిన రెండు వారాల తర్వాత, కలుపు అదుపులో ఉన్న చేనులో ఈ పద్ధతి మొదలుపెట్టవచ్చు. పైపులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ 5 సెంటీమీటర్ల తడి ఇవ్వండి. పైన మడి ఆరినట్టు కనిపించినా వేళ్లకు నీరు అందుతూనే ఉంటుంది. దిగుబడి తగ్గకుండా 30 శాతం వరకు నీరు మిగులుతుంది.

రెండు జాగ్రత్తలు. పూతకు వారం ముందు నుంచి పూత అయిన వారం వరకు మడిలో నీరు నిలిపే ఉంచాలి. చౌడు నేలల్లో ఈ పద్ధతి వద్దు, ఆరబెడితే ఉప్పు పైకి తేలుతుంది.

ఎరువుల లెక్క

యాసంగి వరికి ఎకరాకు 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 16 కిలోల పొటాష్ సిఫారసు. బస్తాల్లో చెప్పుకుంటే ఒక డీఏపీ బస్తా, దాదాపు 27 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, 85 కిలోల యూరియా. అంటే యూరియా రెండు బస్తాలు కూడా పూర్తిగా పట్టదు.

• ఆఖరి దమ్ములో: డీఏపీ మొత్తం, 15 కిలోల యూరియా. డీఏపీలోనే 9 కిలోల నత్రజని ఉంటుంది, అందుకే ఇక్కడ యూరియా తక్కువ. పొటాష్ కూడా ఇప్పుడే. తేలిక నేలలైతే సగం ఇప్పుడు, సగం అంకురం దశలో.
• పిలకలు వేసే దశలో: 35 కిలోల యూరియా.
• అంకురం దశలో: 35 కిలోల యూరియా.

అంకురం దశ కోతకు సుమారు 60 నుంచి 65 రోజుల ముందు వస్తుంది. 120 రోజుల రకమైతే నారు పోసిన 55 నుంచి 60 రోజులకు. అనుమానం ఉంటే పెద్ద పిలకను మొదట్లో నిలువునా చీల్చి చూడండి. తెల్లటి చిన్న కుచ్చులాంటి మొగ్గ కనిపిస్తే అదే సమయం.

జింక్ సల్ఫేట్ వేసేవాళ్లు దాన్ని డీఏపీతో కలపొద్దు. రెండూ కలిస్తే పైరుకు అందవు.

యూరియా చల్లే రోజు

నిండుగా నీళ్లున్న మడిలో చల్లిన యూరియా కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత పక్క మడికి పారిపోతుంది. మనం వేసిన నత్రజనిలో చాలాసార్లు సగం కూడా వరికి చేరదు. అందుకే ముందు నీరు తీసేసి, బురద పదునులో చల్లండి. 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టండి. ఖర్చు లేని పని ఇది.

ఇంకో బస్తా వేస్తే ఏమవుతుంది?

చేను నల్లగా, ఏపుగా కనిపిస్తుంది. పక్క పొలం చూసి మనకూ వేయాలనిపిస్తుంది. కానీ ఆకు మెత్తబడి దోమపోటు, అగ్గితెగులు సులువుగా పట్టుకుంటాయి. ఏపుగా పెరిగిన చేను గాలివానకు పడిపోతుంది. 266 రూపాయల బస్తా వెనకాలే పురుగుమందుల ఖర్చు వస్తుంది. 2025 వానాకాలంలో యూరియా కోసం లైన్లలో నిలబడ్డ రోజులు గుర్తుండే ఉంటాయి. అంత కష్టపడి తెచ్చుకున్న బస్తాను నీళ్లలో పారబోసుకోవద్దు.

ఎవరిని అడగాలి?

పై లెక్క సాధారణ సిఫారసు. మీ భూసార పరీక్ష ఫలితాన్ని బట్టి ఇది మారవచ్చు. ఆ కార్డు తీసుకుని మీ క్లస్టర్ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని కలవండి. ఫోన్‌లో అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551, కాల్ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ ఫైల్‌ను మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పంపండి. ఫోన్ చదవడం రాని పెద్దలకు చదివి వినిపించండి. నీళ్లు పెట్టేది, మందు చల్లేది ఎక్కువగా వాళ్లే కదా.