పాత కాలపు ఈక్వలైజరు – మన కీర్తనల రికార్డింగు

బి.కొత్తకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతపు సంఘములలో పాటలు రికార్డు చేయాలని ఆశపడే యౌవనస్థులకు ఈ నాలుగు మాటలు. ఇంట్లో కంప్యూటరు ఉన్నవారికి రికార్డు చేయడం ఇప్పుడు కష్టము కాదు. కష్టమంతా తరువాతనే. హార్మోనియం, డోలక్, పదిమంది గొంతులు కలిసి ముద్దయిపోతాయి. ముందు పాడిన అవ్వగారి మాట ఒక్కటీ తెలియదు.

ఇది చిన్న సంగతి కాదు. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) కీర్తనలు పుస్తకములో ఉన్నవి గాని, వాటిని మన ఊళ్లలో పాడే వరుసలు పెద్దల నోటనే ఉన్నవి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు మదనపల్లెకు వచ్చినప్పుడు జనగణమన వరుసను మార్గరెట్ కజిన్స్ దొరసాని గారు స్వరములుగా వ్రాసిపెట్టారు. మన అవ్వల వరుసలను అలా వ్రాసిపెట్టేవారు ఎవరు? రికార్డింగే దిక్కు.

ముద్దను విడదీసే సాధనము ఈక్వలైజరు. టేపురికార్డరు మీద బాస్, ట్రెబుల్ మీటలు తిప్పిన వారికి ఇది కొత్త కాదు. స్టూడియోలలో మిక్కిలి పేరుపొందినది పుల్టెక్ అనే పెట్టె. అమెరికాలోని న్యూజెర్సీలో యూజీన్ షెంక్, ఆలివర్ సమ్మర్‌లాండ్ అను ఇద్దరు 1951లో దీనిని బయటికి తెచ్చారు. స్వరమును మలిచే భాగములో కరెంటు శక్తి ఏమీ ఉండదు. అక్కడ తగ్గిపోయిన శబ్దమును రేడియో వాల్వులు తిరిగి పెంచుతాయి. ఆ పాత పెట్టెలు లక్షల ఖరీదు. అయితే దాని నడకను అనుకరించే చిన్న ప్రోగ్రాములు, అనగా ప్లగ్-ఇన్‌లు, కంప్యూటరుకు దొరుకుతాయి. ఇగ్నైట్ ఆంప్స్ వారి పీటీఈక్యూ-ఎక్స్ ఉచితమే. కాబట్టి సంఘపు కానుకలలో నుండి దీనికి డబ్బు తీయనక్కరలేదని మా అభిప్రాయము.

దీని విశేషము క్రింది స్వరముల దగ్గర ఉన్నది. పెంచుటకు ఒక మీట, తగ్గించుటకు మరియొక మీట. రెండూ ఒకేసారి తిప్పితే ఒకదానినొకటి కొట్టివేయాలి గదా? అలా జరుగదు. తగ్గించే మీట పని కొంచెము పైస్థాయి వరకు ప్రాకుతుంది. 60 హెర్ట్జ్ దగ్గర రెండింటిని తిప్పి చూడండి: డోలక్ ఎడమవైపు గుమకు బరువు వస్తుంది, దాని పైనున్న బురద వంటి మోత తగ్గుతుంది. హార్మోనియం, మగవారి గొంతు ఒరుసుకొనేది ఆ బురదలోనే. ఫోను స్పీకరులో మాత్రం ఆ గుమ వినబడదు; హెడ్‌ఫోన్ పెట్టుకొని వినవలెను.

అవ్వగారి గొంతుకు వేరే పని. 8 లేక 10 కిలోహెర్ట్జ్ ఎంచుకొని, వెడల్పు మీటను బాగా వెడల్పుకు పెట్టి కొద్దిగా పెంచండి. మాట చివరలు తేటపడతాయి. ఎక్కువైతే 'స', 'శ' అక్షరములు ఈలవేస్తాయి, అక్కడ ఆగాలి. ఇంకొక జాగ్రత్త: శబ్దము పెరిగితే చాలు, బాగుపడినట్టే చెవికి తోచును. కనుక ప్లగ్-ఇన్ వేసినప్పుడు, తీసినప్పుడు శబ్దము సమానముగా ఉండునట్లు సరిచేసి పోల్చండి.

ఇది అన్నిటికి మందు కాదు. మైకు గిర్రున కూయడం, రేకుల కప్పు క్రింద ప్రతిధ్వని, దూరాన పెట్టిన ఫోను, వీటిని ఏ పుల్టెక్కూ బాగుచేయలేదు. ఫ్యాను ఆపి, అవ్వగారిని కూర్చోబెట్టి, మైకు జానెడు దూరములో పెట్టండి. హార్మోనియం కొంచెము వెనుకకు జరపండి. సగము పని అక్కడే అయిపోతుంది.

మార్పులు చేయని మొదటి రికార్డింగును వేరుగా దాచి, పాడినవారి పేరు, ఊరు, తేదీ దానికి చేర్చండి. రేపు ఇంతకన్న మంచి సాధనము వస్తే, పని మొదలుపెట్టవలసినది ఆ ప్రతితోనే.