మంచు లేని ఊళ్ళో మంచు హాకీ

మన బెంగుళూరిలో మంచంటే వేసవి ముదిరినప్పుడు రాలే నాలుగు వడగళ్ళే. పిల్లలు దోసిట పట్టి చూచేలోగా అవీ కరిగిపోతాయి. అటువంటి ఊళ్ళో కూర్చొని మంచు మీద ఆడే హాకీని గురించి, అందులోనూ టెలివిజను తెర మీద ఆడే వీడియో హాకీని గురించి వ్రాయబూనడం చదువరులకు విడ్డూరంగా తోచవచ్చు. కాని గడచిన డిసెంబరులో మల్లేశ్వరంలో ఒక మిత్రుల ఇంట చూచినది చూచిన తరువాత వ్రాయకుండా ఉండలేకపోయాము.

ఆ ఇంటి పెద్దాయన ఎనభయ్యో పడికి దగ్గరపడినవారు. వయసులో ఉండగా తాము పనిచేసిన కర్మాగారం జట్టులో హాఫ్‌బ్యాక్‌గా హాకీ ఆడారు. ఆయన కుమార్తె కుటుంబం కెనడాలో టొరంటో నగరంలో స్థిరపడినది. పదమూడేళ్ళ మనవరాలు అక్కడ ఆడపిల్లల మంచు హాకీ జట్టులో ఆడేది. సెలవులకు బయలుదేరే ముందు ఒక పందెంలో, తాను కాచుకొని ఉండవలసిన చోటు వదలి ముందుకు పోయినందువల్ల గోలు పడి, జట్టు ఓడిపోయిందట. నాటినుంచి సాధనకు పోనని భీష్మించుకొని కూర్చున్నది. తల్లి బుజ్జగించినది, తండ్రి కసిరాడు, ఫలితం లేదు. వెంట తెచ్చుకొన్న ప్లేస్టేషన్ మాత్రం వదలదు. చిత్రమేమంటే, అందులో ఆడేదీ మంచు హాకీయే!

“నిజం ఆట మానుకొని ఈ బొమ్మలాట ఏంది సామీ?” అని పెద్దాయన మాతో వాపోయారు. మేమూ ఔనౌనని తల ఊపాము. ఊపినందుకు తరువాత సిగ్గుపడవలసి వచ్చినది.

ముందు ఆ ఆట సంగతి రెండు ముక్కలు. సుమారు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు గల మంచుగడ్డ మైదానం. చుట్టూ చెక్కగోడ. గోలు కాచేవానితో కలిపి జట్టుకు ఆరుగురు. కాళ్ళకు అలుగుల బూట్లు, చేతిలో వంకీ కర్ర. బంతికి బదులు అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు గల గట్టి రబ్బరు బిళ్ళ. దానిని పక్ అంటారు. ఎగిరెగిరి పడకుండా ఆటకు ముందు దానిని గడ్డకట్టేట్టు చల్లబరుస్తారు. ఇరవై నిమిషాల భాగాలు మూడు. తప్పు చేసినవాడు సాధారణంగా రెండు నిమిషాలు పక్కన కూర్చోవాలి. అంతసేపూ అతని జట్టు ఒకరు తక్కువగా ఆడాలి. మనకు దూరమైన ఆట అనుకోవద్దు సుమండీ! లడఖ్‌లో చెరువులు గడ్డకట్టితే చాలు, ఊరి పిల్లలు కర్రలు పట్టుకొని దిగుతారు. 2025లో ఆసియా కప్పు పందేలలో మన దేశపు ఆడపిల్లల జట్టు కంచు పతకం తెచ్చినది. జట్టులో ఎక్కువమంది లడఖ్ వారే.

ఇక ఇంటి సంగతికి వద్దాము. పెద్దాయన కుర్చీ లాగుకొని అయిష్టంగానే తెర వైపు చూస్తున్నారు. పిల్ల కంట్రోలర్ మీద వేలు తీసివేసినది. అయినా తెర మీది మనిషి ఆగలేదు. జారుకుంటూ పోయి, అర్ధచంద్రంగా తిరిగి, అప్పుడు నిలిచాడు.

“వీడు ఆగడేం?” అన్నారు పెద్దాయన.

“ఐస్ కదా తాతా, అట్లా వెంటనే ఆగలేరు,” అన్నది పిల్ల, తన ముద్దుముద్దు తెలుగులో.

పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగారు. నేల మారితే ఆట మారుతుందన్న సంగతి ఆయనకు ఒకరు చెప్పాలా? 1928 మొదలు 1972 దాకా పాల్గొన్న ప్రతి ఒలింపిక్సులోనూ పతకం తెచ్చిన మన హాకీ జట్టు, 1976లో మాంట్రియల్‌లో మొదటిసారి కృత్రిమ పచ్చిక పరచేసరికి ఏడవ స్థానానికి దిగింది. ఆ దెబ్బకు వేరే కారణాలూ లేకపోలేదు గాని, గడ్డి మీద నేర్చిన చేతికి ఆ పరుపు కొత్త. మట్టి మైదానంలో ఆడిన పెద్దాయన ఆ బాధ ఎరిగినవారు. తెర మీది మంచు కాలిని జారనిస్తున్నది గనుకనే ఆయనకు ఆ ఆట మీద గురి కుదిరినది.

ఇక్కడే మాకొక సంగతి తోచినది. ఆట నిజంలా ఉన్నదంటే బొమ్మ నిజంలా ఉన్నదని అర్థం కాదు. బొమ్మలకేమి, మన బెంగుళూరిలోనే 1997లో నెలకొన్న ధ్రువ ఇంటరాక్టివ్ వంటివారు పరదేశపు ఆటలకు చక్కటి బొమ్మలు చేసి ఇచ్చారు. 2019లో ఆ సంస్థను రాక్‌స్టార్ వారు కొన్నారు. కాని తోలుబొమ్మ ముఖానికి ఎన్ని రంగులు వేస్తేనేమి, చేయి కదలవలసినప్పుడు కదలకపోతే చూచేవాడు లేచి ఇంటికి పోతాడు. ఆటలోనూ అంతే. చేసిన పనికి తగిన ఫలితం రావాలి. తొందరపడితే తొందరపాటుకు మూల్యం చెల్లించాలి.

1988లో నింటెండో వారు తెచ్చిన ‘ఐస్ హాకీ’లో మనుషులు ముద్దబొమ్మలు. జట్టుకు ఆరుగురు కూడా లేరు. అయినా ప్రతి ఆటగాడినీ బక్క, మధ్యరకం, లావు అని మూడు రకాలలో ఎంచుకోవచ్చు. బక్కవాడు చురుకు, కాని తాకితే పడతాడు. లావువాడు నిదానం, కాని కొడితే గట్టిగా కొడతాడు. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. బొమ్మ అబద్ధమైనా బేరం నిజం.

1991లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారు ‘ఎన్‌హెచ్ఎల్ హాకీ’ తెచ్చారు. ఆ వరుస ఆటలు ఇప్పటికీ వస్తున్నాయి. కెనడాలోని వాంకూవర్ ప్రాంతంలో తయారవుతాయి. 2006లో వచ్చిన ఆటలో ఒక మేలైన మార్పు చేశారు. అంతకుముందు గుండీ నొక్కితే దెబ్బ పడేది. అప్పటినుంచి ఎడమ బొటనవేలు ఆటగాని కాళ్ళకూ, కుడి బొటనవేలు అతని కర్రకూ అయినవి. కుడివేలు వెనక్కి లాగి ముందుకు తోస్తే కర్ర వెనక్కి లేచి ముందుకు కొడుతుంది. 2012లో జారుడు, మలుపు, వేగం కూడగట్టుకోవడం మీద శ్రద్ధ పెట్టారు. వేగంగా పోతున్నవాడు చప్పున వెనుదిరగలేడు. కనుక ఎటు పోవాలో ముందే ఆలోచించుకోవాలి.

గోలు కాచేవాడు మరొక పరీక్ష. వాడు అన్నీ ఆపితే విసుగు. ఒకే కిటుకుకు పదిసార్లు మోసపోతే అంతకన్న విసుగు. మన చూపు తప్పినందువల్ల గోలు పోయినదని తెలిస్తే మరొక ఆట ఆడాలనిపిస్తుంది. యంత్రం దయతలచి ఇచ్చిన గోలు రుచించదు. అలసట కూడా అంతే. నిజం ఆటలో ముక్కాలు నిమిషం, నిమిషం ఆడి మనుషులు మారుతూ ఉంటారు. తెర మీద కూడా మార్చకుండా లాగితే కాళ్ళు బరువెక్కుతాయి.

అయితే నిజాన్నంతా తెచ్చి కుమ్మరించినా కుదరదు. ఇరవై నిమిషాల భాగాన్ని నాలుగైదు నిమిషాలకు కుదించుకొని ఆడేవారే ఎక్కువ. 1993లో వచ్చిన ‘ఎన్‌హెచ్ఎల్ 94’లో, అంతకుముందు ఉన్న ముష్టిఘాతాలను తీసివేశారు. ఆ ఆటను ఈనాటికీ వెతుక్కొని ఆడేవారున్నారు. వంటలో ఉప్పు తగినంత పడాలి గాని, ఉప్పే వంట కాదు గదా!

పిల్ల ఆడుతున్నది. మొదటి గోలు పడినది. రెండవదీ పడినది. మూడవది పడగానే పెద్దాయన ఉండబట్టలేకపోయారు.

“మూడుసార్లూ ఒకే తప్పు చేసినావమ్మా. నువ్వు బిళ్ళ వెంట పోతా ఉండావు. నీ వెనక జాగా ఖాళీ. వాళ్ళు ఆ జాగాలోకే వస్తా ఉండారు. హాఫ్‌బ్యాక్ బంతిని చూడకూడదు, జాగాను చూడాల.”

పిల్ల కంట్రోలర్ ఒడిలో పెట్టుకొన్నది. కొంతసేపు మాట లేదు. లోపల అవ్వ పోపు వేస్తున్న చప్పుడు తప్ప ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

“మా కోచ్ కూడా అదే చెప్పింది, తాతా. అందరి ముందర చెప్పింది,” అన్నది పిల్ల.

“నాకూ అందరి ముందరే చెప్పినారు. మరుసటి దినం పోయి అదే జాగాలో నిలబడినా,” అన్నారాయన.

మళ్ళీ ఆట మొదలైనది. ఆమె ఈసారి వెనుకనే నిలిచినది. ఎదుటివాడు బిళ్ళ చూపించి ఊరించినా కదలలేదు. ఆ ఆటా ఓడిపోయినది గాని ఒక్క గోలు తేడాతోనే. తరువాత తాతగారి చేతికి కంట్రోలర్ ఇచ్చారు. ఆయన మనిషి చెక్కగోడకు మూడుసార్లు గుద్దుకొన్నాడు. అవ్వ గరిటెతో సహా వచ్చి నవ్వినది.

మైదానంలో జరిగిన తప్పు తెర మీదా తప్పే అయినది; ఆరు దశాబ్దాల నాటి మట్టి మైదానపు తెలివి తెర మీది మంచు మీదా చెల్లినది. ఆ ఆట ముద్దుగా గెలిపించి ఊరుకొనే ఆటే అయితే తాతకు తప్పు కనిపించేదీ కాదు, మనవరాలికి చెప్పే వీలూ చిక్కేది కాదు. నిజంలా ఉండే ఆటలో ఆనందం ఇదేనని మాకు అర్థమైనది: అందులో మనకు తెలిసినది పనికివస్తుంది, తెలియనిది బయటపడుతుంది. మన ఇళ్ళలో పిల్లలు తెర ముందు కూర్చుంటే కసిరేముందు, పక్కన కుర్చీ వేసుకొని ఒక పావుగంట చూడవలసినదని తల్లిదండ్రులకు మా మనవి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒకనాటి ఉదయం ఏడు గంటలకు మేము ఆ ఇంట కాఫీ తాగుతుండగా ఫోను మ్రోగినది. టొరంటోలో అప్పటికి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. పిల్ల సాధన నుంచి అప్పుడే వచ్చినదట.

“తాతా, ఈ రోజు నా ప్లేస్ వదల్లేదు.”

“గోలు పడిందా?”

“పడింది. నా వైపు నుంచి కాదు.”

పెద్దాయన ఫోను పెట్టేసి, చల్లారిన కాఫీని మళ్ళీ వెచ్చబెట్టమని లోపలికి కేక వేశారు.